కంట్రోల్ గారు

ఒక్కొక్క మనిషి ఒంట్లో లక్షల కోట్ల కణాలుంటాయట. ఇన్ని కోట్లున్నవాడు మూడో అంతస్తు అద్దెగదిలో ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసుతో ఎందుకు బతుకుతున్నాడని ఎవరైనా అడిగితే, "కోట్లన్నీ ఒంటి మీదే పెట్టానండీ, ఇంటి మీద పెట్టడానికి మిగల్లేదు" అనేవాడు ప్రూఫాయన. అడిగేవాళ్లు లేని రోజున తనే అడిగి, తనే చెప్పి, తనే నవ్వుకునేవాడు. గోడ అవతల కుట్టుపని చేసుకునే ఆవిడ మొదట్లో ఇతనికి చుట్టాలొచ్చారనుకుంది. తర్వాత్తర్వాత ఆవిడకూ అర్థమైంది, ఆ గదికి వచ్చిపోయే చుట్టం ఆ నవ్వొక్కటేనని.

ప్రూఫాయన అన్న పేరు అచ్చాఫీసులో పడింది. మందుల డబ్బాల్లో మడతలు మడతలుగా దూర్చిన కాగితం ఉంటుంది చూడండి, చీమ తలకాయంత అక్షరాలతో, కొన్నవాళ్లెవరూ చదవనిది. దాన్ని చదివి తీరాల్సిన మనిషి లోకంలో ఒకడుండాలి కదా, ఆ ఒకడు ఇతనే. 'భోజనానికి ముందు వేసుకోవలెను' అన్నచోట కొమ్ము ఎగిరిపోతే 'భోజనానికి మందు' అవుతుంది. ఒక్క కొమ్ము ఊడితే తిండే జబ్బయి కూర్చుంటుంది. అందుకని కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని కొమ్ములు కాపలా కాయడం అతని ఉద్యోగం. పశువుల కాపరికీ నాకూ తేడా లేదు, ఇద్దరం కొమ్ములున్నవాటి వెంటే తిరుగుతాం అనేవాడు. మెషీన్ల రొదలో ఆ మాట ఎవరికీ వినిపించేది కాదు. వినిపించినవాళ్లు కూడా వినిపించనట్టే ఉండేవాళ్లు.

పెళ్లెందుకు చేసుకోలేదంటే మాత్రం అతని దగ్గర డజను చమత్కారాలుండేవి. అసలు కారణం ఒకటే ఉండేది. అది చెప్పేవాడు కాదు.

అది వాళ్ల నాన్న. నాన్న బడిలో డ్రిల్లు మాస్టారు. వందమంది పిల్లల్ని కుడి ఎడమ, కుడి ఎడమ అని తిన్నగా నడిపించిన మనిషికి నలభై ఏళ్లు నిండకముందే తన కుడి ఎడమలు తనకు దక్కకుండా పోయాయి. నడిస్తే తూలేవాడు. మాట ముద్దగా వచ్చేది. పొద్దున్నే వేసుకొచ్చాడని బడి గేటు దగ్గర నవ్వుకునేవాళ్లు. చివరికి తాగుబోతని బళ్లోంచి తీసేశారు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. నాన్న తూలాడు, జనం తూలనాడారు. అంతే జరిగింది.

నాన్న పోయిన చాలా ఏళ్లకు అక్క వంతు వచ్చింది. అక్క లెక్కల టీచరు. ఒకరోజు బోర్డు మీద సరళరేఖ గీయబోతే అది ఎటో వెళ్లిపోయింది. పిల్లలు నవ్వారు, అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత సుద్దముక్క, చెంచా, గుండీ ఒక్కొక్కటిగా ఆమె మాట వినడం మానేశాయి. ఇది రక్తంలో వచ్చే జబ్బని, తండ్రికుంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం, రాకపోవడానికి సగం అవకాశమనీ డాక్టర్లు అప్పుడు చెప్పారు. బొమ్మా బొరుసూ అన్నమాట. బొమ్మ నాకు పడింది కాబట్టి బొరుసు నా తమ్ముడిదే అని అక్క తేల్చేసింది. ఒక నాణెం పడ్డ తీరు రెండో నాణేనికి తెలియదని ఇరవై ఏళ్లు పిల్లలకు నూరిపోసిన మనిషి, తెలిసి తెలిసి జీవితంలో చేసిన తప్పు లెక్క అదొక్కటే. దాన్ని దిద్దడానికి ఎవరికీ నోరు రాలేదు. దిద్దడమే వృత్తిగా ఉన్న తమ్ముడికి అసలే రాలేదు. పరీక్ష చేయించుకోమని డాక్టర్లు అన్నా అతను వెళ్లలేదు. నాన్నకు నలభైకి ముందే వచ్చింది, అక్కకు నలభై దాటాక వచ్చింది, తనకు యాభై దాటినా రాలేదు. ఇక రాదులే అన్న 'లే'ను పట్టుకుని లేచి నిలబడుతూ వచ్చాడు.

ఆ తప్పు లెక్క మీద అక్క ఒక ఇల్లే కట్టుకుంది. బావ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, గుండెలో రెండు స్టెంట్లున్నవాడు. తనకేమైనా అయితే ఈవిడ సంగతేమిటన్నది ఆయన దిగులు. నా తమ్ముడు లేడూ, గది ఖాళీ చేసి ఇక్కడికొచ్చేస్తాడు, వాడే నా కాలూ చెయ్యీ అన్నది అక్క ధైర్యం. ముందు గది కూడా అతని కోసం సర్దించి పెట్టింది.

పరిశోధన చేసే అమ్మాయి మొదట అక్క కోసమే వచ్చింది. ఆసుపత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో ఈ జబ్బు మీదే పని. అక్క భుజం దగ్గర గోరు అంచంత చర్మం తీసుకుంది. దీనికి పక్కన పెట్టి చూసుకోవడానికి జబ్బు లేని తోబుట్టువు చర్మం కూడా ఉంటే మంచిదని అంది. అక్క వెంటనే తమ్ముణ్ణి చూపించింది, నిక్షేపంలా ఉన్నాడని. నిక్షేపమంటే పాతిపెట్టిన సొమ్ము కదా, తవ్వితే ఏం బయటపడుతుందో అనుకున్నాడు ప్రూఫాయన. అయినా అక్క ఎదురుగా కాదనడం ఎలా? చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

జన్యుపరీక్ష ఫలితం మీకు చెప్పమంటారా, వద్దంటారా అని ఆ అమ్మాయి పద్ధతి ప్రకారం అడిగింది. వద్దన్నాడు. చర్మం తీసుకో, మర్మం నాకొద్దు అన్నాడు. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. అతని మాటకు ఎవరైనా అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

"మీరు మా కంట్రోల్ అండీ," అంది. పోల్చి చూసుకోవడానికి పెట్టుకునే జబ్బు లేని నమూనాను అలా అంటారట.

"మా ఇంట్లో కాళ్లూ చేతులూ కంట్రోల్లో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణేలే తల్లీ. నోరు సంగతి మాత్రం అడక్కు," అన్నాడు.

అప్పట్నుంచి ఆ అమ్మాయికి అతను కంట్రోల్ గారు అయిపోయాడు.

శనివారాలు అచ్చాఫీసు నుంచి తిన్నగా ల్యాబుకు వెళ్లడం అలవాటైంది. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. లోకంలో అతనికి దక్కిన మర్యాద ఆ మాత్రమే. "ఏం డాక్టరమ్మా, నా కణాలు కణకణలాడుతున్నాయా?" అని గుమ్మంలోంచే కేకేసేవాడు. ఆ అమ్మాయి ఇంకా డాక్టరు కాలేదు, ఈ పని పూర్తయితే అవుతుంది. "కణకణలాడితే చచ్చిపోతాయండీ కంట్రోల్ గారూ, వాటికి మన ఒంటి వెచ్చదనం చాలు," అనేది.

ఆ వెచ్చదనం కోసం గోడవారగా ఒక బీరువా ఉంది. అందులో మూతలున్న ప్లాస్టిక్ పళ్లేలు, పళ్లేల్లో గులాబీరంగు పోషకద్రవం, దాని అడుగున కంటికి కనిపించకుండా అక్కా తమ్ముడూ. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నగా పొడుగ్గా చేపపిల్లల్లా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒకే వాలుకు తిరిగి ఉండేవి అతని కణాలు. అందరి సెల్లులూ జేబుల్లో ఉంటాయి, నావి పళ్లెంలో కాపురం పెట్టాయి అని మురిసిపోయాడు. పల్చగా వేస్తే బతకవండీ, పక్కన పదిమంది ఉండాలి, ఒంటరి కణం దిగులు పెట్టుకున్నట్టే చచ్చిపోతుంది అని ఆ అమ్మాయి చెప్పింది.

"అయితే నా ఒంటివే గానీ, నా అంత ఒంటరివి కావన్నమాట."

ఈసారి ఆ అమ్మాయి నవ్వలేదు. ఇంకో పళ్లెం తీసి చూపించింది.

ఆ పళ్లెంలో సంగతి వేరే. చర్మకణాన్ని బుజ్జగించి పసితనానికి తీసుకెళతారట. అది తానెవరో మరిచిపోయాక, నువ్వు నాడీకణానివి అని నేర్పి మళ్లీ పెంచుతారట. బతికున్న మనిషి మెదడు తెరిచి చూడలేరు కాబట్టి, అతని చర్మంతోనే మెదడు కణాల్ని పళ్లెంలో పండించుకుని, జబ్బు ఎక్కడ మొదలవుతుందో అక్కడ కాపు కాస్తారు. జబ్బు మొదలయ్యేది ఒక జన్యువులో. అందులో ఒకచోట మూడక్షరాల మాట ఒకటి వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. అందరిలోనూ వస్తుంది, కొన్నిసార్లయితే ఫర్వాలేదు. అక్కలో అది హద్దు దాటి సాగిపోయింది.

కంపోజింగులో కీ ఇరుక్కుపోయిందన్నమాట అన్నాడు ప్రూఫాయన. అతనికి ఇక విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మన భాషలో మాట రెండుసార్లొస్తే అందం, గలగల, జలజల, మిలమిల. మూడోసారి వస్తే నత్తి. ఆపకుండా వస్తూనే ఉంటే జబ్బు. ఆ సాగిన మాటతో తయారైన ప్రొటీనుకు తోక పెరుగుతుంది, తోకలు చిక్కుపడి కణంలో ముద్దలు కడతాయి. కణంలో చెత్త ఊడ్చే ఏర్పాటు ఒకటి ఉంటుంది గానీ, అది ఊడ్చి ఊడ్చి అలసిపోతుంది. నడకను నిలబెట్టే చిన్నమెదడు కణాలు ముందుగా పోతాయి.

"మా నాన్నది తాగుడు కాదన్నమాట డాక్టరమ్మా. సాగుడు," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఆ ఒక్క మాట తన చిన్నప్పుడు చేతికొచ్చి ఉంటే బడి గేటెక్కి కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ అరిచి చెప్పేవాడు.

ఇలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం అచ్చాఫీసులో ఫోను మోగింది.

"సార్, నేనండీ, ల్యాబు నుంచి."

ఎవరో వేరేవాళ్లనుకున్నాడు. గొంతు ఆ అమ్మాయిదే. వీలైతే ఇంకొక్కసారి రావాలి సార్, కొంచెం చర్మం మళ్లీ కావాలి అంది. తన దగ్గరే ఎక్కడో పళ్లేలు తారుమారై ఉంటాయని, పొరపాటు తనదేనని, మా ప్రొఫెసరు గారు రెండూ పారేసి మొదటి నుంచీ చెయ్యమంటున్నారని, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు సార్ అనీ అంది. అతను సరేనని పెట్టేశాడు.

ఎదురుగా దగ్గుమందు కాగితం ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా కనిపించలేదు. చెవిలో 'సార్' ఒకటే తిరుగుతోంది. నిన్నమొన్నటిదాకా కంట్రోల్ గారు. ఇవాళ సార్. మామూలు మనిషికైతే అది మర్యాదలా వినిపించి ఉండేది. అక్షరం మారితే ఎందుకు మారిందో కనుక్కునే దాకా నిద్రపట్టని జాతివాడికి అలా ఎలా వినిపిస్తుంది? అక్క కణాల్లో ఉన్న ముద్దలే తన కణాల్లోనూ కనిపించి ఉండాలి. సాగిన మాట రెండు పళ్లేల్లోనూ బయటపడి ఉండాలి. ఆ పిల్ల మంచిది కాబట్టి, కంట్రోల్ కానివాణ్ణి కంట్రోల్ అని పిలవడానికి నోరు రాలేదు. తప్పు తన చేతిదేమోనని ఆశపడుతోంది. ఆశే అది. తప్పు లేని కాగితానికి రెండో ప్రూఫు ఎవరూ అడగరు.

సాయంత్రం ఇంటికెళ్లి వసారాలో పలకరాళ్ల అతుకు మీద ఒక కాలి మడమ రెండో కాలి వేళ్లకు ఆనించి నడిచాడు, డాక్టర్లు అక్కను నడిపించినట్టే. ఒకసారి తిన్నగా వెళ్లాడు. రెండోసారి కాలు పక్కకు పడింది. మూడోసారి మళ్లీ బాగానే వెళ్లాడు. ఏది నమ్మాలి? తప్పు వెతికే కన్నుకు తప్పు దొరక్కుండా పోతుందా? కుట్టుపని ఆవిడ తలుపు తీసి, ఏమైనా పడేసుకున్నారా అని అడిగింది. ఆ, ఒక దీర్ఘం పోయింది అన్నాడు. ఆవిడ పాపం నేలవైపు చూసింది.

ఆదివారం అక్క ఇంటికి వెళ్లాడు. చెబుదామని వెళ్లలేదు, వెళ్లకపోతే ఎందుకు రాలేదని అడుగుతారని వెళ్లాడు. అక్క కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. చిన్నప్పుడు మాటకు మాట అతికించడంలో అతనికి గురువు ఆమే. ఇప్పుడు ఒక్కొక్క మాట గొంతులోంచి తోసుకుంటూ రావాలి. శ్లేషకు రెండో అర్థం తట్టేదాకా ఆగాలి, అక్క మాటకు మొదటి అర్థం దగ్గరే ఆగాలి. అతను ఆగేవాడు. ఈ మధ్య అతను ఎవరి కోసమైనా ఆగేదంటూ ఉంటే అక్క వాక్యం పూర్తయ్యే దాకానే.

నీ కణాలెలా ఉన్నాయిరా అని అడిగింది. కణకణ అన్నాడు. అక్క నవ్వింది, నవ్వి నెమ్మదిగా అంది.

"నాన్న ఇద్దరికీ సమానంగా పంచలేదని నేనెంత సంతోషపడ్డానో తెలుసా?"

అతను నోరు తెరిచాడు. ఏదో ఒక చమత్కారం వస్తుందనుకున్నాడు. ఎప్పుడూ పిలవకుండా వచ్చేవి ఆ రోజు పిలిచినా రాలేదు. బావ కూరగాయలు తరుగుతున్నవాడు కత్తి ఆపి ఒకసారి ఇతనివైపు చూసి మళ్లీ తరుక్కున్నాడు.

తిరిగి వస్తూ బస్సులో ఆలోచించాడు. మళ్లీ ల్యాబుకు వెళ్లకపోతే చాలు. ఎవరూ ఏమీ చెప్పరు, చెప్పొద్దని తనే అన్నాడు. తెలియదు అన్న మాటతోనే ఇన్నేళ్లూ కాపురం చేశాడు, గయ్యాళిదే అయినా అలవాటైపోయింది. కానీ వెళ్లకపోతే ఆ పిల్ల నెత్తిన చేతకానిదన్న ముద్ర పడుతుంది. తారుమారు చెయ్యని పళ్లేలు పారేస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి ముందు గది. సర్దిపెట్టిన మంచం, పరిచి ఉంచిన దుప్పటి. బావ గుండె ఆగిన రోజున అక్క తన భుజం కోసం చెయ్యి చాస్తుంది. ఆ భుజం అప్పటికి భుజంలా ఉంటుందా?

వారం తిరక్కముందే ల్యాబుకు వెళ్లాడు. గుమ్మంలో కేకెయ్యలేదు. ఆ అమ్మాయి దూదీ సీసా సిద్ధం చేస్తుంటే చొక్కా చెయ్యి మడుస్తూ అడిగాడు.

"నన్ను సార్ అన్నావేమ్మా?"

"అన్నానా?"

"ఫోనంతా అదే."

"పెద్దవారు కదా అనీ..."

"పోయిన శనివారం కూడా పెద్దవాణ్ణే కదా."

ఆ అమ్మాయి చేతి తొడుగులు లాక్కుని సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. "నేనేమీ చెప్పకూడదండీ. మీరే వద్దన్నారు."

"నువ్వు చెప్పలేదు. నేనే చదువుకున్నాను. నీ చేతిలో ఏదీ తారుమారు కాలేదు తల్లీ. మా ఇంట్లో జరిగింది మక్కీకి మక్కీ. అచ్చు మా నాన్నే, అచ్చుతప్పుతో సహా. మీ ప్రొఫెసరుకు నమ్మకం కలగాలి కాబట్టి ఈ చర్మం తీసుకో. వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది ఎవరికి చెప్పాలో చెప్పు."

అది చెప్పే డాక్టరు పై అంతస్తులో ఉంటారని, ఆవిడ మాత్రమే చెప్పాలని, వచ్చేటప్పుడు ఎవరినైనా వెంట తెచ్చుకోవాలనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆ తర్వాత మత్తుసూది గుచ్చి చర్మం తీసుకుంది.

దేనికైనా పనికొస్తానా ఇక అని అడిగాడు. నేను మీ గురించి చెప్పడం లేదు, మామూలుగా చెబుతున్నాను అని జాగ్రత్తగా మొదలుపెట్టింది. ఇద్దరు తోబుట్టువుల్లోనూ అదే మాట అంతే పొడుగ్గా సాగి ఉండి, ఒకరికి ముందే వచ్చి ఇంకొకరికి పదేళ్లు దాటినా రాలేదంటే, అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది. రెండోవాళ్లలో ఏది ఆపుతోంది? చెత్త బాగా ఊడుస్తోందా, లేక ఏళ్లు గడిచేకొద్దీ మాట ఇంకా ఇంకా సాగిపోకుండా ఏదైనా పట్టి ఉంచుతోందా? ఈమధ్య చాలా ల్యాబుల్లో అదే వెతుకుతున్నారు. ఆపేది దొరికితే, ఎప్పటికైనా, ఇంకొకరికి...

"నేను ఆఫీసుకు కూడా లేటుగానే వెళతానమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వబోయి నవ్వలేకపోయింది. గుమ్మందాకా వచ్చి సాగనంపింది. ఏ పేరుతో పిలవాలో తెలియక ఏ పేరుతోనూ పిలవలేదు.

రెండో ఫలితం వచ్చాక వెళితే, పై అంతస్తు డాక్టరు గదిలో రెండు కుర్చీలున్నాయి. అతను ఒకదాంట్లో కూర్చున్నాడు. ఎవరినీ తెచ్చుకోలేదా అని ఆవిడ ఖాళీ కుర్చీవైపు చూస్తూ అడిగింది.

"ఒంట్లోవాళ్లు తప్ప ఇంట్లోవాళ్లెవరూ లేరండీ."

ఆవిడ అలాంటి మాటలు చాలా విన్నదానిలా తలూపి, నెమ్మదిగా, ఏ మాటా రెండుసార్లు అనకుండా చెప్పింది. రెండో చర్మమూ మొదటి మాటే చెప్పింది. ఇప్పటికైతే లక్షణాలు స్పష్టంగా లేవు. ఏడాదిలో రావచ్చు, పదేళ్లకు రావచ్చు. ఏమైనా అడుగుతారా అంది. అతను కిందికి వెళ్లే మెట్లు ఎటువైపని అడిగాడు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్లినప్పుడు చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశాడు. ఎన్ని రకాలుగా చెప్పాలో దారంతా రాసుకుని కొట్టేసుకుని వచ్చాడు గానీ, తీరా చెప్పింది నాలుగు ముక్కలు. నాకూ ఉందక్కా. రెండుసార్లు చూశారు. ఇంకా మొదలవలేదు, అవుతుంది.

అక్క మొహంలో కండరాలు ఎప్పుడూ ఏదో ఒకటి తమ ఇష్టానికి కదులుతుండేవి. అవన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడైంది. బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

అక్క మాట కోసం ఇద్దరూ ఆగారు.

"నాకు చెప్పకుండా ఉండాల్సిందిరా."

"చెప్పకపోతే ఎలా అక్కా?"

"బాగున్నాడనుకుంటూ పోయేదాన్ని. నాకేం మిగిల్చావు?"

"నువ్వు నన్ను బాగున్నాడని అనుకుంటే నాకూ బాగానే ఉండేది," అన్నాడు. "అనుకోవడంతో ఆగవు కదా అక్కా. ఆనుకుంటావు. ఆ రోజు నేను నిలబడలేకపోతే ఇద్దరం పడతాం."

ఆ ఒక్క దీర్ఘం తేడా అక్కకు అందింది. అందినట్టు కళ్లలో తెలిసింది. వేరే రోజైతే శభాష్ అనేదే. ఆమె కుర్చీ చక్రం మీద చెయ్యి వేసింది, పట్టు చిక్కలేదు, మళ్లీ వేసింది. ఎవరూ సాయం చెయ్యలేదు. చాలాసేపటికి కుర్చీ తిప్పుకుని కిటికీవైపు మొహం పెట్టింది. వెళ్లు అంది. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా ముద్దకాకుండా వచ్చింది.

ఆమె వీపు మీద శాలువా ఒక పక్కకు జారి ఉంది. సరిచెయ్యడానికి అతని చెయ్యి ముందుకు వెళ్లి ఆగిపోయింది. ముందు గది తలుపు తెరిచే ఉంది, మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. వీధిలోకి వచ్చేశాడు.

బస్టాపు రెండు వీధుల దూరం. సగం దారిలో వెనక అడుగుల చప్పుడు వినిపించింది. స్టెంట్లున్న మనిషి, గబగబా వచ్చాడేమో, ఆయాసపడుతున్నాడు. బావ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాడు, డ్రైవరుతో మాట్లాడరాదు అన్న బోర్డు చదువుకుని చదువుకుని అలాగే అయిపోయాడని ప్రూఫాయన వేళాకోళం చేసేవాడు. బావ పక్కకు వచ్చి అతని మోచేతి కిందుగా చెయ్యి పోనిచ్చి పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు చూసేవాళ్లకు తెలియదు, స్నేహితులు మాట్లాడుకుంటూ పోతున్నట్టుంటుంది. లోపల మాత్రం బొటనవేలు ఎముక మీద, నాలుగు వేళ్లు అడుగున, మనిషి ఎటు ఒరిగినా నిలబెట్టేలా ఉంటుంది. అక్కను పదేళ్లు నడిపించి నేర్చుకున్న పట్టు అది.

"ఇంకా అవసరం రాలేదు బావా."

"తెలుసు," అన్నాడు బావ. చెయ్యి తియ్యలేదు.

అలాగే నడిచారు. అక్క మాట్లాడుతుందా అని అడుగుదామనుకున్నాడు. అడక్కుండానే బావ, కొన్నాళ్లు పట్టొచ్చు అన్నాడు. కొంచెం దూరం పోయాక, ఆ గది అలాగే ఉంటుంది అన్నాడు. ఎవరు ఎవర్ని చూసుకోవడానికో, ఎన్నాళ్లో, ఆ లెక్క ఇద్దరిలో ఎవరికీ రాదు. లెక్కలు వచ్చిన మనిషి కిటికీవైపు తిరిగి కూర్చుంది.

బస్సు వచ్చింది. మెట్టు మీద రెండు కాళ్లూ పడ్డాకే బావ చెయ్యి వదిలాడు. వదిలీ వదలగానే వెనక్కి తిరిగి వడివడిగా నడిచాడు, ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ప్రూఫాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదుటి సీట్లో పసిపిల్లాడు అతన్నే చూస్తుంటే ఏదో ఒకటి చెప్పి నవ్వించాలనిపించింది. బావ పట్టుకున్నచోట చొక్కా నలిగిపోయి, వేళ్ల గుర్తులు ముడతలుగా పడి ఉన్నాయి. దిగే దాకా ఆ చేతిని కదపలేదు.